ఎడమ చేప

బోరా గాలి వీచే రోజున కూడా వస్తుంది నీవెస్.
ట్రియెస్టే మలుపుల్లో గోడలకు కట్టిన తాడు పట్టుకుని,
కోటు నిండా గాలి నింపుకుని,
నా చట్రాల కొట్టు తలుపును భుజంతో నెడుతుంది.

ముప్ఫై నాలుగేళ్ళు చేపల బజారులో నిలబడ్డ మనిషి.
ఇప్పుడు కొనేది కాగితం చేపల్ని.

పక్క సందులో ఎజిదియో పాతబొమ్మల కొట్లో
ఆమె బేరం చూడాలి.
ముందు కన్ను చూస్తుంది.
"తుమ్మజిగురు పూశారు, ఇంకా తడిగానే ఉంది" అంటుంది,
రెండు వందల ఏళ్ళనాటి తడిని.
తర్వాత మొప్ప:
ఎరుపు నిలిచిందా, ఇటుకపొడికి తిరిగిందా.
కాగితాన్ని తోక దగ్గర ఎత్తి వెలుతురుకు పెడుతుంది.
చివరికి వాసన.
ఎజిదియో ఇబ్బందిగా దగ్గుతాడు.
ఒకసారి మాత్రం "ఇది నిన్న పట్టింది" అని
పక్కన పడేసింది.
నిజమే. కొత్త అచ్చు.
టీ నీళ్ళలో ముంచి ముసలిదాన్ని చేశారెవరో.

ఇంట్లో ఆమెకు గోడలు చాలవు.
పొయ్యి పైన కటిల్ ఫిష్,
మంచం తలవైపు పుచ్చుపట్టిన సముద్రపు గుర్రం
(పురుగు సరిగ్గా పొట్టలోంచే దూరిపోయింది),
భర్త ఫోటో ఉన్నచోట పొడుగాటి స్టర్జన్.
"ఆయనేమీ అనుకోడు. బతికున్నప్పుడూ
పెద్ద చేపొస్తే పక్కకు జరిగేవాడు."

మాకరెల్ బొమ్మ ముందు మాత్రం గొణుగుతుంది:
"ఈ నీలం వేసిన పిల్ల
సముద్రం చూసి ఉండదు పాపం.
ఏ కొండల ఊళ్ళోనో, కిటికీ పక్క బల్ల మీద,
నీలం ఒక్కటే చేతికిచ్చి
రోజుకు నూరు వీపులు రంగెయ్యమని ఉంటారు.
పడవలోకి లాగిన క్షణాన దాని వీపు మీద ఉండే రంగు
నేను బుట్టలోకి వంగేలోపే పోయేది.
ఆ పిల్లని అని లాభమేముంది?"

మొన్న తెచ్చింది రోంబో చేప.
పళ్ళెమంత పలక, పైన రాళ్ళలాంటి బుడిపెలు.
నా బల్ల మీద పరిచి, "తప్పు చెప్పు" అంది.
నాకేం తెలుసు.
"తల ఎడమకు తిరగాలి. దీనికి కళ్ళుండేది ఎడమవైపు.
చెక్కినవాడు చూసింది చూసినట్టే రాగిరేకు మీద చెక్కాడు,
కాగితం మీద అది కుడికి తిరిగిపోయింది.
పేరు మాత్రం తిప్పి చెక్కాడు, బుద్ధిమంతుడు.
అందుకే పేరు సరిగ్గా ఉంది.
ఇలాంటి చేప నా కత్తి కింద ఒక్కటీ పడలేదు."

నేను అద్దం తెచ్చి ఎదురుగా పెట్టాను.
చేప ఎడమకు తిరిగింది.
కింద అక్షరాలు వెల్లకిలా పడ్డ పీతల్లా అయిపోయాయి.

నీవెస్ చాలాసేపు మాట్లాడలేదు.
ఆ తర్వాత, నాతో కాదు,
"మా నాన్నకు పడవ ఉండేది, క్రీజ్ రేవులో.
పడవ మీద సెద్మాక్ అని రాసి ఉండేదట.
కచేరీ వాళ్ళొచ్చి సెత్తిమి అని దిద్దించారు.
స్లోవీన్ నోటికి ఇటలీ పేరు.
నేను పుట్టేసరికే సెత్తిమిని.
వలలో పడ్డ చేపలకు ఏ తేడా తెలియలేదనేవాడు నాన్న.
ఆయనకు తెలిసింది."

అద్దం తీసెయ్యనా అని అడిగాను.
తీసెయ్యమంది.
రాగిరేకు నొక్కిన గుంట నాలుగు వైపులా కనబడేలా
చట్రం కట్టమంది. పేరు మాత్రం
అట్టతో కప్పెయ్యమంది, మళ్ళీ వద్దంది,
"ఉండనీ. రెండూ ఉండనీ."
కూలి దగ్గర రెండు యూరోలు తగ్గించింది.

గోధుమరంగు కాగితంలో చుట్టిచ్చాను.
వీధిలోకి అడుగుపెట్టగానే గాలి పట్టుకుంది దాన్ని,
పడవలో పడ్డ రోంబోలా ఎగిరెగిరి కొట్టుకుంది.
అందరూ తాడు పట్టుకుని నడుస్తున్నారు.
ఆమె తాడు వదిలేసింది,
రెండు చేతులా చేపని అదుముకుని
గాలికి ఎదురు వంగి నడిచింది,
జారిపోతే ఎలా పట్టాలో తెలిసిన చేతులు.